మళ్ళీ ఒకసారి చూసుకోండి

కేబులక్క పోయిందన్న సంగతి మా మేడ మీది నుంచి దిగాక, ఆమె దగ్గర పనిచేసే లైన్‌మన్ చెప్పాడు. 2014 వానాకాలం. గాలివానకు మా వీధిలో కేబుల్ వైరు తెగిపడితే కలపడానికి వచ్చాడు. నిచ్చెన గోడకు ఆనించి, చేతులు దులుపుకున్నాక అన్నాడు.

"అక్క మొన్న పోయింది టీచరమ్మా. గుండెపోటు. కంట్రోల్ రూమ్‌ల కుర్సీల కూసున్నదట, గట్లనే ఒరిగింది."

లోపల మా అమ్మ బీడీలు చుడుతోంది. ఆ మాట వినగానే ఒళ్ళోని చాట తీసి పక్కన పెట్టింది. మళ్ళీ పొద్దుగూకేదాకా దాన్ని ముట్టలేదు. ఎల్లారెడ్డిలో మా వీధి నిండా బీడీలు చుట్టేవాళ్ళే. పండుగనాడు కూడా చాట దించని మనిషి మా అమ్మ.

కేబులక్క అసలు పేరు నాకు తెలుసు కానీ ఇక్కడ రాయను. ఆ పేరుతో ఆమెను ఎవరూ పిలవలేదు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా, మధ్యలో లింగంపేటలో కూడా, ఆమె కేబులక్కే. ముసలివాళ్ళు సైతం కేబులక్క అనే అనేవాళ్ళు.

ఆమెను నేను మొదట చూసింది మా బస్టాండు దగ్గర, రోడ్డు మధ్యలో. గడ్డి లోడుతో పోతున్న లారీ కేబుల్ వైరును తెంపుకుని పోయింది. ఆరోజు క్రికెట్ ఫైనల్ మ్యాచి. ఊళ్ళో సగం ఇండ్లలో బొమ్మ పోయింది. పొడుగ్గా, సన్నగా ఉన్న ఒకామె చెంగు నడుముకు బిగించి, తెగిన వైరు కొస చేత్తో పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. స్తంభం మీద లైన్‌మన్ రెండో కొస లాగుతున్నాడు. నిజామాబాద్ బస్సు వచ్చి హారను మీద హారను కొడుతోంది. ఆమె కదల్లేదు. డ్రైవరు తల బయటపెట్టి తిట్టబోతే, "మీ ఇంట్ల టీవీ లేదా అన్నా?" అని మామూలు గొంతుతో అడిగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. బస్సులోని మగవాళ్ళు కొందరు దిగి, వైరు ఎత్తి పట్టుకోవడానికి చేతులు కలిపారు. బొమ్మ వచ్చిందని ఎదురు హోటల్లోంచి కేక వినబడ్డాకే ఆమె పక్కకు జరిగింది.

భర్త పోయినప్పుడు కేబుల్ వ్యాపారం అమ్మేసుకుంటుందని అందరూ అనుకున్నారట. కొంటామని కామారెడ్డిలో పెద్ద మనుషులు ఇంటికి వచ్చారట. ఆమె వాళ్ళకు చాయ్ పోసి, వాళ్ళ వాళ్ళ ఇండ్లలో ఏ ఛానల్ సరిగ్గా వస్తలేదో అడిగి తెలుసుకుని, మరుసటి రోజు పొద్దున్నే పోయి బాగుచేసి వచ్చిందట. అమ్మకం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఫోనెత్తితే హలో అనేది కాదు. "మాచారెడ్డిల ఉన్న, చెప్పు" అనేది. "లింగంపేట దాటిన, చెప్పు" అనేది. ఎక్కడుందో ముందే చెప్పేస్తే, ఎప్పుడొస్తావని అవతలివాళ్ళు గునిసే పని తప్పుతుందని ఆమె లెక్క. స్కూటీ ముందు నల్లవైరు చుట్ట ఎప్పుడూ ఉండేది. హ్యాండ్‌బ్యాగులో కటింగ్ ప్లేరు, టేపు, వాటి పక్కనే ఒక స్టీలు డబ్బాలో మక్కప్యాలాలు, అంటే వేయించిన మొక్కజొన్న పేలాలు. ఎవరైనా కోపంగా కొట్లాటకు వస్తే ఆమె ప్యాలాలు నములుతూ చివరిదాకా వినేది. వాళ్ళు అలిసిపోయాక డబ్బా వాళ్ళ ముందుకు జరిపేది. అప్పుడు కూడా తినకుండా తిట్టినవాళ్ళను నేను చూడలేదు.

ఇంటికొచ్చి, ఏమైందో మనం చెప్పబోతే చేయి అడ్డం పెట్టేది. "చెప్పకు, సూపెట్టు." ఇదే ఆమె మాట. బొమ్మ ఎట్లా వణుకుతోందో మనం చేతులు తిప్పుతూ వర్ణిస్తుంటే, ఆమె అప్పటికే టీవీ వెనక కూర్చుని ఉండేది. మనుషుల మాట మీద ఆమెకు అనుమానం కాదు. మనిషి చెప్పేటప్పుడు భయం ఒకటి, కోపం ఒకటి కలిపి చెప్తాడని, వైరుకు అవి ఉండవని అనేది.

నేను ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటరు చెప్పేదాన్ని. 2010లో ఇంట్లోకి సెకండ్‌హ్యాండు కంప్యూటరు ఒకటి కొన్నాను. అప్పటికే కేబులక్క టీవీ వైరుతో పాటు నెట్ కూడా ఇవ్వడం మొదలుపెట్టింది. కామారెడ్డిలో ఆమె కంట్రోల్ రూము. అక్కడి నుంచి లింగంపేటలో ఒక మేడ మీది యాంటెన్నా గుండా నెట్ మా ఊరికి వచ్చేది. రౌటర్‌ను మేమంతా నెట్ డబ్బా అనేవాళ్ళం. దాన్ని ఆమే వచ్చి మా టీవీ పక్క గూట్లో బిగించింది. కరెంటు కోతల్లో అమ్మ బీడీల పని ఆగకూడదని అంతకుముందే ఇన్వర్టరు పెట్టించుకున్నాం. డబ్బా వైరును ఆమె ఆ ఇన్వర్టరుకే కలిపింది. "కరెంటు పోయినా మన నెట్ పోవద్దు" అంది గర్వంగా.

గర్వపడటానికి ఆమెకు కారణం ఉంది. చుట్టుపక్కల ఎవరి నెట్‌లోనూ పేజీలు అంత తొందరగా తెరుచుకునేవి కావు. ఎందుకని నేను అడిగితే దాచకుండా చెప్పింది. వెబ్‌సైటు పేరు మనుషుల కోసం. యంత్రానికి కావలసింది నంబరు, అంటే ఆ సైటు ఏ మెషీన్‌లో ఉందో దాని చిరునామా. పేరు కొట్టిన ప్రతిసారీ ఆ నంబరు ఎంతో ఎవరినో ఒకరిని అడగాలి. దాన్నే డీఎన్ఎస్ అంటారు. మా సన్నపు లైను మీద అడిగి రావడానికే బోలెడు సమయం పట్టేది. మామూలుగా ఒకసారి తెలుసుకున్న నంబరును కొన్ని గంటలు దాచుకుని, మళ్ళీ కొత్తగా అడుగుతారు. ఆమె మాత్రం తన కంట్రోల్ రూములోని సర్వరుకు వారాల తరబడి దాచుకొమ్మని చెప్పి పెట్టింది.

"ఒక్కసారి అడిగి యాది పెట్టుకుంటది. మల్ల మల్ల పోయి అడుగుడు దేనికి?" అంది.

నాకు సబబుగానే తోచింది. బడిలో పిల్లలకు కూడా అట్లాగే చెప్పాను.

రెండేళ్ళు హాయిగా నడిచింది. 2012లో అమ్మ మెడ మీద చిన్న గడ్డ లేచింది. నొప్పి లేదు, ఏమీ లేదు, తగ్గిపోతదని తను కొన్నాళ్ళు చెంగు కప్పుకుని తిరిగింది. మింగుడు పడటం లేదని అన్నాక హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళాను. సూదితో గడ్డలోంచి నీరు తీశారు. కౌంటరులో ఒక నంబరు చీటీ ఇచ్చి, రిపోర్టు మా వెబ్‌సైటులో వస్తుంది, అది వచ్చాక డాక్టరుగారి దగ్గరికి రండి అన్నారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో సాయంత్రాలు మారిపోయాయి. బడి నుంచి వచ్చి, చెప్పులు విప్పి, నేరుగా కంప్యూటరు దగ్గర కూర్చునేదాన్ని. నంబరు కొడితే నీలం రంగు పేజీ ఒకటి తెరుచుకునేది. పరీక్ష జరుగుతున్నది, రిపోర్టు ఇంకా సిద్ధం కాలేదు. అంతే. అమ్మ అడిగేది కాదు. ఆకు కత్తిరిస్తూ కత్తిరిస్తూ ఒక్కసారి నా ముఖం చూసేది. చూసి మళ్ళీ తల దించుకునేది. నాలుగు మెతుకులు కూడా సరిగ్గా తినడం మానేసింది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే పాట వినిపించి కట్టయ్యేది. అన్ని రోజులు చూస్తున్నారంటే పెద్దదేదో దొరికే ఉంటుందని అమ్మ పక్కింటామెతో అంటుంటే నేను వంటింట్లోంచి విన్నాను.

కంప్యూటరును రోజూ ఆపి పెట్టాను. చూసిన పేజీల చరిత్ర అంతా తుడిచేశాను. మళ్ళీ అదే నీలం పేజీ.

ఒకరోజు లింగంపేట నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఆస్పత్రిలో మా పక్క బెంచీ మీద కూర్చుని పరిచయమైన మనిషి. అదే రోజు, అదే డాక్టరు, అదే సూది పరీక్ష. ఆమె కొడుకు టెలిఫోన్ వాళ్ళ నెట్ ఉన్న కామారెడ్డి సెంటరులో రిపోర్టు ఎప్పుడో తీయించాడట. భయపడేది ఏమీ లేదన్నారట. మీదేమన్నారమ్మా అని అడిగింది.

నేను వెంటనే కేబులక్కకు ఫోన్ చేశాను. "లింగంపేటల ఉన్న, చెప్పు" అంది. చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు. చెప్పకు, సూపెట్టు అనలేదు. "వస్తున్న చెల్లె" అని పెట్టేసింది.

వచ్చాక అమ్మను ఒకసారి చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. కంప్యూటరులో నీలం పేజీ చూసింది. తన సెల్‌ఫోను తీసి, దాంట్లోని సిమ్ నెట్ మీద అదే సైటు తెరిచింది. ఆకుపచ్చ పేజీ వచ్చింది. ఫోను తీసుకుని కంప్యూటరు తెర పక్కన పెట్టింది. పేరు ఒక్కటే. పేజీలు రెండు.

"ఆస్పత్రోళ్ళు సైటును కొత్త మెషీన్‌కు మార్చిన్రు. పాతదాన్ని బంద్ చెయ్యలే. మీ ఇంట్ల ఇంకా పాతదే కనబడుతున్నది" అంది.

మా చీటీ నంబరు ఫోనులో కొట్టింది. రిపోర్టు సిద్ధం అని వచ్చింది. కింద తేదీ ఉంది. వారం పైనే దాటింది. నొక్కితే ఆ ఫోనులో రిపోర్టు తెరుచుకోలేదు. అప్పటికి అమ్మ లేచి వచ్చి మా వెనక నిలబడింది.

"ముందుగాల రిపోర్టు చూడాలె. ఎందుకైందో ఆ ముచ్చట తర్వాత" అంది కేబులక్క.

కమాండ్లు కొట్టే నల్లతెర ఒకటి తెరిచి, కంప్యూటరు దాచుకున్న నంబర్లన్నీ పోయేలా ఒక్క వరుస కొట్టింది. మళ్ళీ సైటు తెరిస్తే నీలమే. రోజూ ఆపి పెడుతూనే ఉన్నానని నేనన్నాను. అయితే దీంట్లో ఏమీ మిగిలి ఉండదు, డబ్బా కూడా నంబర్లు దాచుకుంటుంది, మరి దాన్ని ఎప్పుడు ఆపావని అడిగింది. నేను గూటి వైపు చూశాను. బిగించిన రోజు నుంచి అది ఆగింది లేదు. ఎన్ని కరెంటు కోతలు వచ్చినా ఇన్వర్టరు మీద నడుస్తూనే ఉంది. ఆమె లేచి వైరు పీకింది. దీపాలు ఆరాయి. కాసేపు అట్లాగే నిలబడి, మళ్ళీ పెట్టింది. దీపాలు ఒక్కొక్కటిగా వెలిగాయి. సైటు తెరిస్తే, మళ్ళీ నీలమే.

అప్పుడు ఆమె ముఖం మారింది. ఇక మిగిలింది కామారెడ్డిలోని తన సర్వరే.

నల్లతెర మీద దాన్నే అడిగింది, ఈ సైటు నంబరు ఎంతని. అది ఒక నంబరు చెప్పింది. తర్వాత తనది కాని బయటి సర్వరు ఒకదాన్ని అదే ప్రశ్న అడిగింది. వేరే నంబరు వచ్చింది. రెండూ ఒకదాని కింద ఒకటి. ఆమె వేలు తెర మీద ఆ రెంటి మధ్యా అటూ ఇటూ తిరిగింది. మా కంప్యూటరు సెట్టింగులలోకి వెళ్ళి, ఇక నుంచి తన సర్వరును కాకుండా ఆ బయటిదాన్ని అడగమని మార్చింది. నల్లతెరలో ఇంకోసారి తుడిచింది. ఆకుపచ్చ పేజీ తెరుచుకుంది.

వెంటనే కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోబెట్టింది. "ఇది మీ ఇంటి ముచ్చట" అని అరుగు మీదికి వెళ్ళిపోయింది.

రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. అన్ని మాటలూ నాకు తెలియవు కానీ తెలియవలసింది తెలిసింది. గడ్డలో క్యాన్సర్ లక్షణాలు కనబడుతున్నాయి, ఆపరేషన్ డాక్టరును కలవండి. అమ్మ నా భుజం మీద చేయి వేసి ఏమన్నారని అడిగింది.

"అది మంచి గడ్డ కాదటమ్మా. కోసి తీసెయ్యాలంటున్రు."

అమ్మ పక్కనే మంచం మీద కూర్చుంది. చాలాసేపు తన చేతులు చూసుకుంది.

"తీస్తే పోతది గదా. ఇన్నిదినాలు తెల్వకనే పానం పోయింది నాకు" అంది. ఆ తర్వాత లేచి ముఖం కడుక్కుంది. అన్నం పెట్టుకుని తింది. అన్ని రోజుల తర్వాత కడుపు నిండా తినడం అదే.

అరుగు మీద కేబులక్క ఫోనులో మాట్లాడుతోంది. కామారెడ్డిలో ఆమె దగ్గర పనిచేసే అతనితో. సర్వరు దాచుకున్నదంతా తుడిచెయ్యమంటోంది, ఆ వారాల లెక్క తీసేసి గంటల లెక్క పెట్టమంటోంది. నెట్ నెమ్మదవుతుందని అతనన్నట్టున్నాడు. కానియ్యి అంది. ఫోను పెట్టేసి లోపలికి వచ్చింది. నా ముందుకు కాదు, మా అమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

"అమ్మా, నీ రిపోర్టు వచ్చి వారం దాటింది. మా సర్వర్ పాత జాగనే చూపెట్టుకుంట కూసున్నది. గట్ల పెట్టింది నేనే. తప్పు నాది."

"మిషన్ చేసినదానికి నువ్వేం జేస్తవ్ బిడ్డా" అంది అమ్మ.

"మిషన్‌ది కాదమ్మా. నేను చెప్పినట్టే చేసింది అది."

నేను అప్పటిదాకా ఆమె మీద అరవాలనే ఉన్నాను. ఆ మాట తర్వాత అరవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. పోయేముందు నన్ను అరుగు మీదికి పిలిచి ఒక పని అప్పజెప్పింది. ఈ ఆలస్యం వల్ల మీ అమ్మకు నష్టమేమైనా జరిగిందా అని డాక్టరును అడుగు, ఆయన ఏమంటే అది నాకు చెప్పు, నా మనసు నొస్తుందని మార్చి చెప్పకు అంది.

మరుసటి రోజు సాయంత్రం ఆమె లోకల్ ఛానల్లో, వార్తల కింద, ఒక అక్షరాల వరుస నడవడం మొదలైంది. అమ్మకు చదువు రాదు. ఏదో పోతున్నది చూడమంటే నేను వచ్చి చదివి వినిపించాను. మా ఇంటర్నెట్‌లో కొన్ని వెబ్‌సైట్ల పాత పేజీలు కనబడినవి, తప్పు మాదే, మీ ఇంట్లోని నెట్ డబ్బా వైరు తీసి కాసేపు ఆగి మళ్ళీ పెట్టండి, ఆస్పత్రి రిపోర్టులు, పరీక్షల ఫలితాలు, వీసాలు, నౌకరీల కోసం చూసుకున్నవారు మళ్ళీ ఒకసారి చూసుకోండి. కింద ఆమె ఫోను నంబరు. సినిమా నడుస్తున్నా, పాటలు నడుస్తున్నా ఆ వరుస ఆగలేదు. అట్లా చాలా రోజులు నడిచింది.

ఆ వరుస వెయ్యవద్దని లైన్‌మన్ ఆమెను బతిమాలాడట. డబ్బాల సంగతి మనమే ఇంటింటికీ పోయి చక్కబెడదాం, కొత్త మోడల్ వచ్చిందని చెబుదాం, ఎవరికీ అనుమానం రాదు అన్నాడట. పోటీ కేబుల్‌వాళ్ళు నవ్వుతారని కూడా అన్నాడట. నవ్వనీ అందట. వాళ్ళు నవ్వారు కూడా. కొందరు కనెక్షన్లు తీసేసుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆమె నెట్ మునుపటంత వేగంగా తెరుచుకోవడం లేదని మా బడిలోనే ఒక సారు సణిగాడు. లింగంపేటలో మాత్రం ఒకతను డబ్బా ఆపి పెట్టి చూసుకుంటే, రాలేదు రాలేదని దిగులుపడుతున్న గల్ఫ్ వీసా అప్పటికే వచ్చి ఉందట. ఆమె ఫోను పగలంతా మోగుతూనే ఉండేది. తిట్టినవాళ్ళ ఇండ్లకు ముందు వెళ్ళేదట, ప్యాలాల డబ్బాతో.

హైదరాబాద్‌లో డాక్టరును నేను ఆ ప్రశ్న అడిగాను. ఇది నెమ్మదిగా పెరిగే రకం, వారం పది రోజుల్లో ఏమీ మారదు, ఇప్పుడు వచ్చారుగా చాలు అన్నాడు. ఆస్పత్రి మెట్ల మీదే నిలబడి ఫోన్ చేసి ఆమెకు అదే మాట చెప్పాను. "ఆయన మాటనేనా, నీదా?" అని అడిగింది. ఆయనదే అన్నాను. "మంచిది" అంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డ మొత్తం వచ్చేసిందన్నారు. గొంతు మాత్రం కొన్నాళ్ళు పలకదని, బలవంతపెట్టవద్దని చెప్పి పంపారు. అమ్మ ఇంట్లో గుసగుసగానే మాట్లాడేది. పిలవాలంటే కత్తెరతో చాట అంచు మీద కొట్టేది.

అట్లాంటి ఒక మధ్యాహ్నం కేబులక్క వచ్చింది. నెట్ పనేమీ లేదు, అమ్మను చూడటానికే వచ్చింది. స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చుంది. మెడ మీది కట్టు చూసింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, అమ్మ ఆమె మోకాలి మీద చేయి వేసి గుసగుసగా అడిగింది. చాలాకాలంగా మనసులో పెట్టుకున్న ప్రశ్న అది.

"గంతమందికి ఎందుకు చెప్పుకున్నవ్ బిడ్డా? నువ్వు చెప్పకుంటే ఎవలకూ తెల్వకపోవు."

కేబులక్క గూట్లోని డబ్బా వైపు చూసింది. దాని మీద పచ్చదీపాలు మినుకుమినుకుమంటున్నాయి.

"మీ ఇంట్ల నువ్వు కూసున్నవని నాకు తెల్వది గదమ్మా. మీ బిడ్డ ఫోన్ జేస్తే తెలిసింది. ఇంకా ఎవలింట్ల ఎవలు గట్ల చూసుకుంట కూసున్నరో నాకెట్ల తెలుస్తది? అందుకే అందరికీ చెప్పిన."

అమ్మ తల ఊపింది. ఆ చేయి మోకాలి మీది నుంచి తియ్యలేదు. కాసేపటికి కేబులక్క ఫోను మోగింది. ఎల్లారెడ్డిలోనే ఉన్నానని, ఇప్పుడే వస్తానని ఎవరికో చెప్పి లేచింది. బ్యాగు భుజానికి తగిలించుకుని గడప దాటబోయింది.

"కూసో. బువ్వ తిని పో."

మేమిద్దరం వెనక్కి తిరిగి చూశాం. అమ్మ గొంతు గరుకుగా, చీలినట్టుగా వచ్చింది కానీ గుసగుస కాదు. వంటింట్లోకి కూడా వినబడేంత గట్టిగా వచ్చింది. ఆపరేషన్ తర్వాత అమ్మ గొంతెత్తి అన్న మొదటి మాట అదే. కేబులక్క బ్యాగు దించి గోడకు పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, అమ్మ పక్కన కింద కూర్చుంది.